బాడుగ కిందికి రానోళ్లు

కార్పొరేషనోళ్ల పటంలో కడప ఒక ఊరు.
నా నోటుబుక్కులో ఆరు.
అట్ట చిరిగిన రెండొందల పేజీల పుస్తకం,
ఏడురోడ్ల కాడ నా స్టూలు కింద ఉంటాది.
మోకాలు ఇరిగి హ్యాండిలు ఇడిసినాక
పెన్ను పట్టుకున్నా.
వంతు రాసినందుకు ఆటోకు ఐదు రూపాయలు.

మా హద్దులకు రాళ్లు లేవు.
పాత బస్టాండోళ్ల తావు
చెప్పులు కుట్టే పుల్లన్న గొడుగు దాకా.
సాయంత్రం ఆ గొడుగు నీడ సాగి
మా తట్టు పడితే
నీడ లోపల నిలబడినోడు ఎవరి మనిషని
ఒకసారి తలకాయలు పగిలినాయి.
స్టేషనోళ్లకు రైలు దిగినోళ్లు, రైలు తప్పినోళ్లు, ఇద్దరూ.
రిమ్స్ గేటు రిమ్సోళ్లది.
మార్చురీ గేటు మాత్రం ఎవరిదీ కాదు,
ఆడ ఎవరూ బేరమాడరు.

చట్టం ఒకటే:
యాడైనా దించు, ఎక్కించుకోవద్దు.
పక్కోడి తావు నుంచి ఖాళీగా రావాల
డీజిల్ కాల్చుకుంటా,
చెయ్యెత్తిన మనిషిని
అద్దంలో చిన్నగా అయిపోనిస్తా.

పోయిన ఎండాకాలం మా మాబుపీరాను పట్టుకున్నారు,
రిమ్స్ గేటు కాడ ఒక ముసలామెను ఎక్కించుకున్నాడని.
తాళంచెవి లాక్కోని, అంగీ పట్టుకోని
పంచాయితీకి నా స్టూలు కాడికే తెచ్చిరి.
ఆమె ఆటో దిగలే.
ఒళ్లో ఎక్స్‌రే కవరు,
కాళ్లకాడ కడగని గంజి క్యారియరు.
"మా యమ్మప్పా" అన్నాడు వాడు.
"అమ్మయితే?" అన్నాడు రిమ్స్ ఓబులేసు.

టీ గ్లాసులు చల్లారిపాయ.
కన్నతల్లి బాడుగ కిందికొస్తాదా, రాదా?
నా పుస్తకంలో ఆ పేజీ లేదు.
చివరికి నేనే అడిగినా,
"అమ్మా, డబ్బులిస్తివా?"
కాశింబీ కొంగు ముడి చూపిచ్చె:
"ఎప్పుడూ పదిచ్చే ఎక్కుతా.
బిడ్డ బండి ఉత్తగా తిరగాల్నా?"

అట్ల తప్పు పడింది.
రెండు వంతులు, పదకొండు టీలు.
రాసేటప్పుడు పెన్ను పారలే,
రెండు మాట్లు విదిలించి రాసినా.

ఆమె పోయినాక
ఎవరికీ ఎవరి మొగమూ చూడబుద్ది కాలే.
తెల్లారి అన్ని స్టాండులోళ్లూ కూచోని
ఇంకో చట్టం రాయించిరి, సంతకాలు, ఏలిముద్రలు:
కన్నోళ్లు బాడుగ కాదు,
డబ్బులు తీసుకోనంత వరకు.

ఇంగ చూస్కో.
వారం తిరక్కుండా రిమ్స్ గేటు నిండా అమ్మలే.
మందుల చీటీ పట్టుకోని ఎండలో నిలబడ్డ
ప్రతి ముసలామెకూ ఎవడో ఒకడు కొడుకు.
చిన్నచౌకు చెన్నకేశవకు
ఒకే పొద్దు ముగ్గురు తల్లులు.
ఓబులేసు అడ్డం పడి "మీ యమ్మ పేరేంది రా?" అంటే
వాడు ఎనక్కి తిరిగి
"పేరేందిమా?" అని ఆమెనే అడిగినాడంట.
మలుపు తిరిగినాక చెయ్యి చాపినోళ్లుండారు,
చాపనోళ్లుండారు.
ఎవరెవరో నాకు తెలుసు. రాయలే.

నెల కిందట నా కంట్లో పొర తీసిరి.
పచ్చగుడ్డ కట్టుకోని గేటు బయటికొస్తే
ఊరు సగమే కనపడె.
హద్దులు రాసిన నాకే
ఎవరి తావులో నిలబడినానో తెలీలే.
ఆటో ఒకటి ఆగింది.
నా పుస్తకంలో లేని గొంతు:
"ఎక్కు నాయనా."
రిమ్సోళ్లు చూస్తాండారు. ఒకడు లేచె.
"మా నాయన" అన్నాడు వాడు,
నా పక్క తిరిగన్నా చూడకుండా.

ఏడురోడ్ల కాడ దిగి జేబులో చెయ్యి పెడితే
"గమ్మునుండు. ఇస్తే బాడుగయితావు."
బండి నంబరు చదువుదామంటే
అప్పటికే పొగ.

స్టూలు మింద కూచోని పుస్తకం తెరిచినా.
నలభై రెండుకూ నలభై మూడుకూ నడుమ
ఒక గీత ఖాళీగా ఇడిసిపెట్టినా.
"ఏందన్నా, సీరియల్ తప్పినావే" అనిరి పిల్లోళ్లు.
కంటి మింద తోసినా.